అత్త పలక

ఆయన పోయాడని కబురు తెచ్చిన మనిషికి నేను మజ్జిగ కూడా ఇవ్వలేదు. ఎర్రటి ఎండలో, పెదగంజాం వైపు నుంచి రెండు బస్సులు మారి, నల్లపాడు స్టేషను దగ్గర దిగి, ఇల్లిల్లూ అడుక్కుంటూ వచ్చాడు పాపం. గుమ్మంలో నిలబడి, "మీ బాబాయి పోయాడమ్మా, సోమవారం పొద్దున" అన్నాడు.

"ఆయన నాకు బాబాయి కాదు" అన్నాను.

ఆ మనిషి తుండుగుడ్డతో మొహం తుడుచుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది మజ్జిగ మాట. వెనక్కి పిలవడానికి మొహం చెల్లలేదు.

చుట్టరికం లెక్కన నేనన్నది నిజమే. ఆయన మా చుట్టం కాదు, మా పేట మనిషి కాదు, మా మతం కూడా కాదు. మా నాన్న స్నేహితుడు. పడవలు బాగుచేసేవాడు. కాలువ పొడుగునా ఏ లాకు దగ్గర అడిగినా ఆయన తెలుసు. పేరుతో ఎవరికీ పని పడేది కాదు, "పడవలాయన" అంటే చాలు. నేను మాత్రం మాటలొచ్చిన దగ్గర్నుంచీ బాబాయ్ అనే పిలిచాను. ఆ పిలుపు వాపసు తీసుకుని అయిదేళ్ళయింది. ఇప్పుడు ఈ నాలుగు మాటలూ రాయడానికి వేరే పిలుపు దొరక్క మళ్ళీ దాన్నే వాడుకుంటున్నాను.

మాకొక తెరచాప పడవ ఉండేది. మా నాన్న పాతికేళ్ళు పరాయివాళ్ళ పడవ మీద చుక్కాని పట్టే సరంగుగా చేశాడు. ఆ యజమాని లారీలు కొనుక్కుని పడవను గట్టు మీద వదిలేస్తే, నాన్న అడిగి తెచ్చుకున్నాడు. నాన్నా బాబాయీ రెండు వేసవులు దాని మీదే కూర్చుని దాన్ని బతికించారు. పెదగంజాం నుంచి పైకి ఉప్పు, సరుగుడు కట్టెలు, తాటాకు తీసుకెళ్ళేవాళ్ళం. వచ్చేటప్పుడు మిరపకాయల బస్తాలు, పత్తి బోరాలు. గాలి ఉంటే తెరచాప, గాలి పడిపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. నాన్న పోతూ ఆ పడవ నాకిచ్చాడు. ఉన్నది నేనొక్కదాన్నే. మా ఆయన సత్తెనపల్లి అవతల పత్తి చేలల్లో పుట్టిన మనిషి, మోకాలు దాటి నీళ్ళొస్తే ఒళ్ళంతా వణుకు. అందుకని చుక్కాని నేనే పట్టాను. ఎనభైల మొదట్లో ఆ కాలువ మీద చుక్కాని పట్టిన ఆడది నువ్వొక్కదానివే అనేవాళ్ళు లాకుల దగ్గర. కొందరు మెచ్చుకుంటూ, కొందరు నవ్వుతూ. నాకు రెండూ బాగానే ఉండేవి.

ఏటా ఎండలు ముదిరాక కాలువ కట్టేసేవారు. నీళ్ళు లాగేసి, అడుగున బురద నెర్రెలిచ్చేలోపు తాటి మొద్దులు పరిచి, పదిమంది కలిసి పడవను గట్టు మీదికి లాగేవాళ్ళు. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా, నలభై రోజులో యాభై రోజులో, అది నా పడవ కాదు. బాబాయిది.

రేకు పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చేవాడు. మొదటి రోజు పెట్టె తెరవడు. చేతులు వెనక్కి కట్టుకుని పడవ చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు, పిల్లను చూడ్డానికొచ్చిన మగపెళ్ళివారి పెద్దమనిషిలాగా. తర్వాత వేలి కణుపులతో ఒక్కో పలకనీ తడతాడు. తట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు.

"మాట్లాడమాకండి" అనేవాడు. "అది చెబుతా ఉంది, నన్ను విననియ్యండి."

మేం నోళ్ళు మూసుకునేవాళ్ళం. ఎక్కడో కాకి అరిస్తే, "నిన్ను కూడానే" అని దాన్ని కసిరేవాడు. నిజంగానే కోప్పడేవాడు, నవ్వులాటకు కాదు.

చెవి మీద ఒక బీడీ ఉండేది. పని మొదలైన రోజు పెట్టుకున్న బీడీయే పడవ నీళ్ళల్లోకి దిగిన రోజుకీ ఉండేది. గుగ్గిలం, నూనె, దూది ఉన్నచోట నిప్పేమిటి అనేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళాక కాల్చుకోవచ్చుగా అని నాన్న అడిగితే, "చేతులకంతా గుగ్గిలమేగా, చేతులు ఇంటో పెట్టి రాలేను కదా" అన్నాడు. వేసవంతా బీడీ అట్లా నలుగుతూనే ఉండేది.

పలకలకి పేర్లు పెట్టింది ఆయనే. నీటి మట్టం దగ్గర ఎడమపక్కన వెడల్పాటి టేకు పలక ఒకటి ఉండేది, పాత పడవలో మిగిలింది అదొక్కటే. దాన్ని అత్త పలక అనేవాడు. దాని కింద నాన్నా ఆయనా కలిసి కొత్తగా వేసింది కోడలు పలక. ఎన్ని చేసినా ఏడాది తిరిగేసరికి నీళ్ళు వచ్చేది ఆ రెంటి నడుమ నుంచే.

"కోడలు కొత్తది, బిగుసుకుని కూర్చుంటది. అత్తేమో వెంట్రుకవాసి కూడా జరగనంటది. నీళ్ళు దూరక ఏం చేస్తయ్?" అని ఆ సందుని ఉలితో గీకుతూ ఇద్దర్నీ తిట్టేవాడు. ఎక్కువగా అత్తనే తిట్టేవాడు. ఉలి మాత్రం అత్త వైపు మెత్తగా ఆనించేవాడు.

పలకల సందుల్లో కుక్కేది దూదే. దూది కూడా ఆయనకి ఒకపట్టాన నచ్చదు. మిల్లు దూది తెస్తే వేలితో ఒకసారి నలిపి పక్కన పెట్టేసేవాడు. మా అత్తగారు చేత్తో గింజ తీసి మూట కట్టి పంపే దూది కావాలి. దాన్ని తొడ మీద వేసి, అరచేత్తో తోస్తూ బారెడేసి వత్తులు చేసేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. అందుకని ఆయన వత్తి మెలి అందరి వత్తులకీ ఎదురు తిరిగి ఉండేది. కాచిన నూనె గుగ్గిలంలో ఆ వత్తి ముంచి, సందులో పెట్టి, మొద్దు ఉలి ఆనించి, కొయ్య సుత్తితో కొట్టేవాడు. టక్, టక్ అని మా పేటంతా వినబడేది. ఆ చప్పుడు వింటే మా అమ్మకి నిద్ర బాగా పట్టేది, మధ్యాహ్నంపూట.

నాకు పెళ్ళయి, నాన్న పోయాక, ఆ పని బాబాయి నాకూ నేర్పాడు. ఆడదానివి నీకెందుకు అనలేదు. ఆ సంగతి నేను దాచను. తొడ మీద వత్తి చేస్తే నా చర్మం కందిపోయి మంటలు పుట్టింది. "రెండేళ్ళకి అదే మొద్దుబారిద్దిలే" అన్నాడు. మొద్దుబారింది కూడా.

అన్నిటికన్నా ముందు నేర్పింది ఒకటుంది. ఎండిన పడవ సందుని నిండా కుక్కకూడదు. బొటనవేలి గోరంత ఖాళీ ఉంచాలి.

"ఎందుకు బాబాయ్? నిండా పెడితే ఇంకా గట్టిగా ఉంటుందిగా?"

"ఎండలో చెక్క చిక్కిపోయి ఉంది అమ్మాయ్. కాలవొచ్చాక నీళ్ళు తాగి ఒళ్ళు చేసిద్ది. ఒళ్ళు చేసుకోటానికి చోటు లేకుండా నువ్వు దూది దట్టించావనుకో, అదేం చేసిద్ది? తన్నుకుంటది. పలక లేచిపోద్ది, లోపల వంపు కర్రలు విరిగిపోతయ్. అంతే ఇంక, పొయ్యిలోకి."

అందుకే వేసవంతా పడవ మీద గోనెపట్టాలు పరిచి పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసి తడపాలి, చెక్క మరీ ఎండకుండా. కాలువకి నీళ్ళొచ్చాక పడవలో ఇసుక బస్తాలు వేసి పదిరోజులు ముంచేయాలి. తాగినంత తాగాక పైకి తేల్చి, నీళ్ళు తోడి, అప్పుడు ఆ గోరంత ఖాళీ నింపాలి. ఒకసారి గట్టు మీద లారీ ఆపుకున్న డ్రైవరొకడు మునిగి ఉన్న మా పడవని చూసి పగలబడి నవ్వాడు. "ఏం పెద్దాయనా, మునిగిపోయిందే మీ పడవ!" అన్నాడు. బాబాయి వాడి వైపు చూడను కూడా లేదు. "ఇప్పుడు మునక్కపోతే అప్పుడు మునిగిద్ది" అని చుట్ట చుట్టిన తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఏ పనినీ బాగుందని అనేవాడు కాదు. అంతా అయ్యాక, పడవ నీళ్ళ మీద ఊగుతుంటే, "పర్లేదు, తేలిద్ది" అనేవాడు. అదే ఆయన పొగడ్త. నా పెళ్ళికి చర్చి బయట వసారాలో నిలబడ్డాడు. కోటు వేసుకుని చెమటలు కక్కుతున్న మా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి నాన్నతో, "పర్లేదు, తేలతాడు" అన్నాడు. పెళ్ళివారంతా నవ్వారు. మా ఆయనకి అర్థంకాక ఆయన కూడా నవ్వాడు.

ఇక తిండి సంగతి. ఇది రాయకుండా ఆయన్ని రాయలేను. బాబాయి మా పేటలో ఎవరింటా పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. కులం పట్టింపు. అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. మా ఇంటి గుమ్మం ముందు గంటసేపు నిలబడి మాట్లాడేవాడు కానీ లోపలికి రాడు. అదే పడవ మీద పొయ్యి రాజేసి మా అమ్మ చేపల పులుసు వండితే, కంచం నాకి తినేవాడు. అదే అమ్మ, అదే చెయ్యి, అదే కుండ.

"అదేం న్యాయం రా?" అని నాన్న ఆటపట్టించేవాడు.

"నేల మీద రూలు వేరు, నీళ్ళ మీద రూలు వేరు."

"మరి ఇప్పుడు పడవ గట్టెక్కి ఉందిగా, నేల మీదేగా? దిగు, కంచం పెట్టి దిగు!"

"పడవ ఎక్కడున్నా పడవే" అని ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నవ్వకపోతే ఏడవాలి కదా. ఇంట్లో ముట్టని మనిషి పడవ మీద ముట్టడమే పెద్ద గౌరవం అనుకున్నాం మేం. నేను పెద్దదాన్నయ్యాక వండి పెట్టే వంతు నాది. వేసవి నలభై రోజులూ ఆయనకి పడవ మీదే వండి పెట్టేదాన్ని. ఆయన తింటుంటే చూడ్డం నాకిష్టం. మాటా పలుకూ లేకుండా, తలెత్తకుండా తినేవాడు.

ఆ ఏడు ఎండలు మొదలవకముందే మా ఆయన గుంటూరు పాట మొదలుపెట్టాడు. వాళ్ళ బంధువు ఒకాయన మిరపకాయలు దాచే చల్లగిడ్డంగిలో పని ఇప్పిస్తానన్నాడట. ఇంట్లో కరెంటు, పక్కనే బడి, రైలు స్టేషను. మా పాపకి అప్పుడు మూడేళ్ళు, నాతోపాటే పడవ మీద తిరిగేది, నడుముకి తాడు కట్టి గుంజకి ముడేసేదాన్ని. "ఎన్నాళ్ళే ఈ పడవ? లారీల ముందు ఇంకెన్నాళ్ళు నిలబడిద్ది?" అనేవాడు మా ఆయన. "అది నడిచినన్నాళ్ళు" అనేదాన్ని. సరుకు తగ్గిన మాట నిజమే. కానీ ఆ పడవ మీద నేను నేనుగా ఉండేదాన్ని. ఒడ్డున ఫలానావారి కూతురు, ఫలానావారి పెళ్ళాం. నీళ్ళ మీద సరంగుని. అది వదులుకుని చల్లగిడ్డంగి కాపలావాడి పెళ్ళాంగా ఉండమంటే నాకు నచ్చలేదు. ఆ మాటే చెప్పాను.

పడవ గట్టెక్కిన వారానికి మా అత్తగారికి టైఫాయిడ్ అని కబురొచ్చింది. నేను పాపను తీసుకుని సత్తెనపల్లి వైపు వెళ్ళాను. నువ్వు కూడా రా అంటే మా ఆయన, "గోనెలు తడిపేదెవరు? నేనుంటాలే" అన్నాడు. నీళ్ళంటే పడని మనిషి పడవ కోసం తల్లిని చూడ్డం మానుకున్నాడని నాకు ఎంత మురిపెమో. మంచం పక్కన కూర్చుని మా అత్తగారికి అదే చెప్పుకున్నాను.

మూడు వారాలకి తిరిగొచ్చాను. చూద్దును కదా, పడవ పని మొత్తం అయిపోయింది. సందులన్నీ పూడ్చి, పైన పూత పూసి, ఎండలో నల్లగా నిగనిగలాడుతోంది. బాబాయి పక్కన కూర్చుని ఉలులు తుడుచుకుంటున్నాడు.

"ఇంత తొందరగానా బాబాయ్!"

"ఆఁ, అయిపోయింది."

"గోరంత ఖాళీ ఉంచావా?"

"ఉంచకేం" అన్నాడు. ఉలి మొన మళ్ళీ తుడుస్తూ, "బాగా కుదిరింది అమ్మాయ్. ఈసారి చాలా బాగా కుదిరింది" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆయన నోట రాని మాట అది. నేను పొంగిపోయాను. నా పడవకి దక్కింది ఆ మెప్పు అనుకున్నాను. ఆయన చెవి మీద బీడీ లేదు, పెదవుల మధ్య వెలుగుతోంది. అదీ చూశాను. పని అయిపోయింది కదా, అనుకున్నాను. గోనెలు ఎండి వరుగులై ఉంటే మా ఆయన్ని అడిగాను. "ఈ ఎండలకి పోసినవి పోసినట్టే ఆరిపోతన్నయ్" అన్నాడు. సరే అనుకున్నాను. ఆ రోజు పడవ మీద పొయ్యి వెలిగించి గోంగూర, రొయ్యలు వండాను. బాబాయి నాలుగు ముద్దలు తిని, కడుపులో బాగోలేదని లేచాడు. శొంఠి కషాయం కాచి ఇచ్చాను. అది మాత్రం తాగాడు.

కాలువకి నీళ్ళు వదిలారు. పడవ దించాం. ఇసుక బస్తాలేసి ముంచాం. మూడో రోజు పొద్దున నేను గట్టు మీద కూర్చుని తెరచాపకి మాసిక వేస్తున్నాను. పొయ్యిలో పచ్చి వెదురు పేలినట్టు చప్పుడయింది. తలెత్తాను. ఇంకోటి. తర్వాత వరసగా. తెరచాప అక్కడే పడేసి నీళ్ళల్లోకి దూకాను. చేత్తో తడుముతుంటే పలకలు ఒకదాని పక్కన ఒకటి పొంగి పైకి లేచి ఉన్నాయి. మేకులు ఊడి వేళ్ళకి గుచ్చుకున్నాయి. లోపల వంపు కర్రలు సగానికి సగం విరిగాయి. నేను చూస్తుండగానే అత్త పలక మొత్తంగా విడిపోయి, నా భుజానికి తగిలి, పైకి తేలి వచ్చింది.

పేట పేటంతా గట్టు మీదికి చేరింది. పాత చెక్క, వయసైపోయింది, ఇంతకాలం నడవడమే ఎక్కువ అన్నారు. నేను అత్త పలక గట్టు మీదికి లాక్కొచ్చి, దాని అంచుని కరుచుకుని ఉన్న దూదిని కొడవలితో పెకిలించాను. రాదే! రాయిలాగా ఉంది. ఒకదాని మీద ఒకటి మూడు వత్తులు దట్టించి, అడుగు నుంచి అంచుదాకా కొట్టేసి ఉంది. గోరు కాదు కదా, సూది దూరే ఖాళీ లేదు. ఒక వత్తి విప్పి చూశాను. మెలి ఎదురు తిరిగి ఉంది.

తడిబట్టల్తోనే గట్టు వెంబడి ఆయన ఊరికి నడిచాను, ఆ వత్తి గుప్పిట్లో పెట్టుకుని. రెండు మైళ్ళ దూరం. బాబాయి ఇంటిముందు పందిరి కింద కూర్చుని ఉన్నాడు. ఏ పనీ చేయడం లేదు. నన్ను చూసి లేవలేదు. వత్తి ఆయన ముందు పడేశాను.

"ఇది ఎవరు చేశారు బాబాయ్?"

"నేనే చేశా."

పొరపాటయింది అంటాడనుకున్నాను. చూపు ఆనలేదు, వయసైపోయింది, చెయ్యి వణికింది, ఏదన్నా చెప్తాడనుకున్నాను. ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధపడి రెండు మైళ్ళు నడిచాను నేను.

"తెలిసే చేశావా?"

"తెలిసే చేశా. ఇంకో ఏడాది నడిచేదేమో. రెండేళ్ళో. తర్వాత నడికాలవలో చీలేది. నువ్వు ఈదుతావు. తాడుతో కట్టేసిన పిల్ల ఈదదు."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే వింటావా నువ్వు?"

"వినను. వినకపోతే మాత్రం? నా పడవ అది. చెప్పాలి. నాతో చెప్పాలి కదా!"

ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అరిచాను, తిట్టాను. నా నోట ఆనాడు రాని మాట లేదు. మా నాన్న బతికుంటే నీ చేతులు విరగ్గొట్టేవాడన్నాను. దానికి మాత్రం తలెత్తి, "మీ నాన్నుంటే నేను చెయ్యను" అన్నాడు.  నాన్న పడవ అయితే అడిగేవాడు. నాది కాబట్టి అడగక్కర్లేదు. పదేళ్ళు తొడ కందేలా వత్తులు చేస్తే నేను సంపాదించుకున్నది అదన్నమాట.

మేం గుంటూరు పక్కన నల్లపాడు వచ్చేశాం. మా ఆయన చల్లగిడ్డంగిలో చేరాడు. పాప బడికెళ్తోంది. ఇంట్లో కరెంటు ఉంది. విరిగిన పలకలు పొయ్యిలోకి పోయాయి, అత్త పలక ఒక్కటీ సామాన్లతోపాటు తెచ్చుకున్నాను. దానికి నాలుగు కాళ్ళు కొట్టించి వసారాలో బల్లగా వేశాను. దాని అంచులో ఇంకా దూది ఉంది. తీయించలేదు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. చెప్పాపెట్టకుండా. సగానికి సగం అయిపోయాడు మనిషి. రేకు పెట్టె లేదు, కర్ర ఉంది. వసారాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను గడపకి ఇవతల నిలబడ్డాను. బాగున్నావా అనలేదు, మంచినీళ్ళు కావాలా అనలేదు.  ఆయన చెయ్యి దానంతటది బల్ల మీదికి పోయింది. వేలి కణుపుతో తట్టాడు. ఇంకోసారి తట్టి, మెల్లగా వంగి చెవి ఆనించాడు.

"అత్త పలక" అన్నాడు. మొహం విప్పారింది. "గట్టిగానే ఉందే."

 అప్పుడు నా వైపు చూసి, "ఆకలేస్తా ఉంది అమ్మాయ్. అన్నం పెట్టు" అన్నాడు.

నా జన్మలో ఆయన మా ఇంట్లో అన్నం అడగలేదు. పొయ్యి మీంచి అన్నం దించి ఉంది, వంకాయ కూర ఉంది. నాకు ఒళ్ళంతా మండింది. చేసిందంతా చేసి, నాలుగు మెతుకులు తిని చెల్లు చేసుకుపోదామనా?

"నువ్వు పడవ మీద తప్ప తినవుగా" అన్నాను. "పడవ తీసుకురా. పెడతాను."

ఆయన కూర్చున్నది పడవ మీదే. పడవ ఎక్కడున్నా పడవే అన్న మనిషి, ఆ పలకని చెవితో గుర్తుపట్టాకే నోరు తెరిచి అడిగాడు. ఆ సంగతి నాకు తర్వాత తట్టిందని చెప్పుకుంటే బాగుండును. కాదు, అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను. తెలిసే చేశా అన్నాడుగా ఆయన, నేనూ తెలిసే అన్నాను.

ఆయన అరచేత్తో బల్లని ఒకసారి నిమిరి, కర్ర అందుకుని లేచాడు.

"సరేనమ్మా" అన్నాడు. అమ్మాయ్ అనలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను, గొప్పగానే చెప్పాను. ఆయన చొక్కా విప్పుతున్నవాడు ఆగిపోయాడు. "అన్నం పెట్టాల్సిందే" అన్నాడు. తర్వాత గోడ వైపు చూస్తూ, "ఆయన్ని అడిగింది నేను" అన్నాడు.

నేను కూరలో గరిటె తిప్పుతున్నాను. తిప్పుతూనే విన్నాను.

"నువ్వు మా ఊరెళ్ళినప్పుడు రోజూ ఆయన చుట్టూ తిరిగా. పొమ్మన్నాడు. ఉలి తీసుకుని మీదికొచ్చాడు ఒకసారి. చివరికి, రేపు పిల్ల నీళ్ళల్లో పోతే పూచీ నీదేనా పెద్దాయనా, అని అడిగా. రెండ్రోజులు పనికి రాలేదు. మూడోరోజు వచ్చి గోనెలు తడపడం ఆపమన్నాడు." చొక్కా మేకుకి తగిలించి అన్నాడు. "నా పేరు ఎత్తనన్నాడు. మీ కాపురం మీది అన్నాడు."

ఆ పూట మా ఆయనకి అన్నం పెట్టాను. మర్నాడూ పెట్టాను. అప్పట్నుంచి మూడుపూటలా పెడుతూనే ఉన్నాను. తిట్టాను, నెల్లాళ్ళు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాను. పోనీలే, నీళ్ళంటే భయపడే మనిషి, భయంతో చేశాడు, ఆయనకి పడవంటే చెక్కలు, మేకులు, అంతే. బాబాయి అట్లా కాదే! ఆ పడవ ఒంట్లో ప్రతి నొప్పీ తెలిసినవాడు. నేనేమిటో నా మొగుడికన్నా ఎక్కువ తెలిసినవాడు. నాకు నేర్పిన పాఠాన్ని తలకిందులు చేసి, నా అత్తగారు నా కోసం గింజ తీసి పంపిన దూదితో, నా పడవని చంపాడు. మొగుణ్ణి క్షమించి ఆయన్ని క్షమించలేకపోవడం తప్పే అంటారు మా పాస్టరుగారు. తప్పే అయి ఉంటుంది.

ఇవాళ మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. కబురు చెప్పాను. చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, తినకుండా, "ఒకసారి వెళ్ళొద్దామా?" అన్నాడు.

"నువ్వు వెళ్ళు" అన్నాను. "నీ పని చేసిపెట్టిన మనిషి. నాకేం చేశాడని?"

ఆయన తిని, చొక్కా వేసుకుని, స్టేషనుకి వెళ్ళాడు. ఈపాటికి పెదగంజాం చేరే ఉంటాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఎవరి మొహం చూడాలి? నన్ను అడగాలని తోచని ఆ మొహం ఇక లేదుగా.

రాత్రి పాప తిన్నాక నా కంచం తీసుకుని వసారాలోకి వచ్చాను. ఎప్పుడూ ఆ బల్ల మీద కూర్చుని తినలేదు నేను. ఇవాళ కూర్చున్నాను. అన్నం కలిపాను. పక్కన ఇంకో మనిషి కూర్చునేంత చోటు ఉంది. బల్ల అంచున దూది వత్తి కొస ఒకటి బయటికి వచ్చి వేలాడుతోంది. లాగితే రాలేదు, ఆయన కొట్టిన దెబ్బ అట్లాంటిది.

ఒక్క మాట నాతో చెప్పి చేసి ఉండాల్సింది బాబాయ్. నేను వినేదాన్ని కాదు. నిన్ను తిట్టేదాన్ని, ఉలులు కాలువలో పారేసేదాన్ని, ఏడాదిపాటు నీ మొహం చూసేదాన్ని కాదు. కానీ అన్నం పెట్టేదాన్ని.